రెఫరల్ చీటీ వెళ్తుంది, జవాబు రాదు: డెల్టా పల్లెల్లో మానసిక వైద్యాన్ని కలిసి నేర్చుకోవడం ఎలా?

లంకల వైద్యుడు (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, కోనసీమ) | జూన్ 11

అందరికీ నమస్కారం. గౌతమికీ వైనతేయకూ నడుమ ఉన్న ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మూడేళ్లుగా వైద్యాధికారిగా పనిచేస్తున్నాను. ఎంబీబీఎస్‌లో రెండు వారాల పోస్టింగు, ఉద్యోగంలో చేరాక ఒకసారి హాజరైన మూడు రోజుల శిక్షణ తప్ప మనోవైద్యంలో నాకు వేరే చదువు లేదు.

గత నెలలో జరిగిన ఒక సంఘటన నన్ను ఈ ప్రశ్న అడిగేలా చేసింది. రొయ్యల చెరువు మీద కాపలా ఉండే ఒక యువకుడిని భార్య ఆటోలో తీసుకొచ్చింది. చేతులు వణుకుతున్నాయి, వాంతులు, విరేచనాలు, అడుగు తడబడుతోంది, మాట ముద్దగా వస్తోంది. రోహిణి కార్తె ఎండలు కాబట్టి మొదట వడదెబ్బ అనుకున్నాను, నడక చూసి తర్వాత మద్యం అనుకున్నాను. మా నర్సు ఆమె సంచిలోంచి మందుల అట్ట తీసి చూపించేదాకా అతడు నాలుగేళ్లుగా మనోస్థితి నిలకడకు ఇచ్చే లిథియం మాత్రలు వాడుతున్నాడని నాకు తెలియదు. మోకాలి నొప్పికి ఊళ్లో ఆర్‌ఎంపీ అయిదు రోజులు డైక్లోఫెనాక్ ఇచ్చాడని కూడా అప్పుడే బయటపడింది. లిథియం ఆపించి, సెలైన్ పెట్టి, పెద్దాసుపత్రికి చీటీ రాసి పంపాను. బతికాడు.

అయితే అతడు బతికిన సంగతి నాకు పదహారు రోజుల తర్వాత, భార్య తన షుగరు పరీక్షకు వచ్చినప్పుడు తెలిసింది. రక్తంలో లిథియం ఎంత ఉందో, మళ్లీ మొదలుపెట్టారో లేదో, మొదలుపెడితే ఎంత మోతాదో నాకు ఎవరూ రాయలేదు. ఈ ఏడాది మానసిక సమస్యలకు నేను రాసిన చీటీలలో రెండింటికే జవాబు వచ్చింది. ఆ మూడు రోజుల శిక్షణలో చూపించిన స్లయిడ్లలో ఒక్కటీ నాకు గుర్తులేదు గానీ, ఆ యువకుడి నడక మాత్రం జన్మలో మరచిపోను. అంటే నేను రోగి దగ్గరే నేర్చుకుంటున్నాను, సగం పాఠం దగ్గరే ఆగిపోతున్నాను. మిగతా సగం ఎక్కడో పైనున్న కేసుషీటులో ఉంది. ఆ రెండు సగాలనూ కలిపే పద్ధతి ఎవరైనా నడిపి చూశారా?

జిల్లా మనోవైద్యురాలు | జూన్ 11

డాక్టరు గారూ, ఆ జవాబు రాయవలసిన బల్లకు ఇవతల కూర్చునే మనిషిని నేను. ఓపీలో ఒక్కొక్కరికీ నాలుగైదు నిమిషాలు దొరకడమే గగనమైన రోజుల్లో, మొదట ఎగిరిపోయేది ఆ జవాబే. అది కారణమే తప్ప సమర్థన కాదు.

ముందుగా మీ కేసులోని మిగతా సగం. లిథియంలో మేలు చేసే మోతాదుకూ, విషమయ్యే మోతాదుకూ మధ్య దూరం చాలా తక్కువ. నిలకడ చికిత్సలో రక్తంలో లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉంచుతాము, 1.5 దాటితే మీరు చూసిన లక్షణాలన్నీ వరుసగా వస్తాయి. చెమటలో ఉప్పూ నీరూ పోయినప్పుడు మూత్రపిండాలు సోడియంతో పాటు లిథియాన్ని కూడా వెనక్కి లాక్కుంటాయి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు అది బయటకు పోయే దారిని ఇంకా ఇరుకు చేస్తాయి. మే నెల, చెరువు గట్టు, నొప్పి మాత్ర, ఈ మూడూ ఒకే మనిషి మీద పడ్డాయి. నొప్పికి పారాసిటమాల్ ఇవ్వవచ్చు. మీ దగ్గర బీపీకి వాడే టెల్మిసార్టాన్, ఎనలాప్రిల్, హైడ్రోక్లోరోథయజైడ్ కూడా లిథియం స్థాయిని పెంచుతాయి. అందువల్ల లిథియం వాడే మనిషికి బీపీ మాత్ర మొదలుపెట్టే ముందు ఒక ఫోను చేయండి. ఉప్పు మానేయమని చెప్పేటప్పుడు కూడా అంతే. రక్తం తీయవలసింది చివరి మాత్ర వేసుకున్న 12 గంటల తర్వాత, అంటే రాత్రి మాత్ర వేసుకుని ఉదయం మాత్ర వేసుకోకుండా రావాలి. ఈ ఒక్క మాట చెప్పకపోవడం వల్ల ఎన్ని పరీక్షలు వృథా అవుతున్నాయో చెప్పలేను.

ఇక మీ పెద్ద ప్రశ్న. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో మొదలైంది. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వారు బళ్లారి జిల్లాలో నడిపి చూసిన నమూనా ఆధారంగా 1996లో జిల్లా కార్యక్రమం వచ్చింది. సాధారణ వైద్యులకు, ఆరోగ్య సిబ్బందికి శిక్షణ ఇవ్వాలన్నది మొదటి నుంచీ అందులో ఉంది. లేనిదల్లా శిక్షణ అయిన మరుసటి వారం ఎవరిని అడగాలన్న ఏర్పాటే. దేశంలో లక్ష మందికి ఒక్క మనోవైద్యుడు కూడా లేరు, 2019లో వేసిన లెక్క 0.75. మన కోనసీమ జిల్లా జనాభా సుమారు 17 లక్షలు కాబట్టి ఆ సగటు ప్రకారమైనా పదమూడు మందికి మించరు, పైగా వారంతా ఏటికి ఒకే ఒడ్డున ఉంటారు. మేము ప్రతి రోగినీ చూడగలమన్న ఆశ వదులుకుంటేనే, చూసేవారికి తోడుగా ఎలా ఉండాలో ఆలోచించగలుగుతాము.

సోషల్ వర్కర్, భీమవరం వైపు | జూన్ 12

డాక్టరు గారు అడిగిన పద్ధతి ఒకటి ఉంది. అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రంలో 2003లో సంజీవ్ అరోరా అనే కాలేయ నిపుణుడు ‘ఎకో’ అనే ఏర్పాటు మొదలుపెట్టారు. హెపటైటిస్ సి రోగులు తన క్లినిక్ కోసం నెలల తరబడి ఎదురుచూడటం చూసి, పల్లె వైద్యులను వారానికి ఒకసారి వీడియోలో కూర్చోబెట్టి వారి వారి కేసులను అందరి ముందూ చర్చించారు. 2011లో వెలువడిన ఫలితాల ప్రకారం విశ్వవిద్యాలయ క్లినిక్‌లో 57.5 శాతం మందికి వైరస్ పోతే, పల్లెల్లో 58.2 శాతం మందికి పోయింది. రోగి కదలలేదు, విద్య కదిలింది. నిమ్హాన్స్ కూడా ఇదే పద్ధతిలో మానసిక ఆరోగ్యానికీ, వ్యసన చికిత్సకూ తరగతులు నడిపింది.

ఇందులో నాకు ఒక సందేహం ఉంది. హెపటైటిస్‌కు రక్తపరీక్ష చూసి నయమైందని చెప్పగలము. మన పనిలో నయమైందని చెప్పేది ఎవరు? మనిషి మళ్లీ చెరువు గట్టుకు వెళ్లాడా, ఆ ఇల్లాలు మళ్లీ పొయ్యి వెలిగించుకుని పిల్లవాడికి అన్నం పెడుతోందా, పక్కింటి పెళ్లికి వెళ్లిందా? ఇవి తెలిసేది ఆశా కార్యకర్తకు, ఇంటివారికి మాత్రమే. కాబట్టి డాక్టర్లు మాత్రమే కూర్చునే వీడియో సమావేశం మనకు చాలదు.

దూరం వెళ్లనవసరం లేదు. మన పాత పశ్చిమ గోదావరి జిల్లాలోనే, డెల్టాలో కాదు గానీ పైనున్న గిరిజన ప్రాంతంలో 30 గ్రామాలలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే వైద్య పరిశోధన సంస్థ వారు చేసిన పని ఉంది. ఆశా కార్యకర్తలు ట్యాబ్‌లో ప్రశ్నలు అడిగి దిగులు, ఆందోళన, ఆత్మహత్య ఆలోచనలు ఉన్నవారిని గుర్తించారు. ఆ వివరాలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకు చేరాయి, ఏం చేయాలో చెప్పే సూచనలు ఆయన తెరమీద కనిపించాయి. తర్వాత రోగి ఎలా ఉన్నాడో చూసి రమ్మని ఆశాకు తిరిగి కబురు వెళ్లింది. గుర్తించినవారిలో వైద్యసేవ వాడుకున్నవారి వాటా 0.8 శాతం నుంచి 12.6 శాతానికి పెరిగింది. పన్నెండు శాతం పెద్ద సంఖ్య కాదనిపించవచ్చు, మొదటి అంకెతో పోల్చి చూడండి. ట్యాబ్ కంటే నాకు ముఖ్యమనిపించింది, కబురు కిందికి తిరిగి రావడం.

ఆశా, కాలువగట్టు | జూన్ 12

పెద్దలందరికీ నమస్కారం. రాయడం అంతగా అలవాటు లేదు, మా నర్సు మేడమ్ సరిదిద్ది పెడుతున్నారు.

శిక్షణలో మాకు ప్రశ్నల కాగితం ఇచ్చారు. అందులో ఉన్న మాటలు ఇళ్లలో అడిగితే తలుపు వేసేస్తారు. ‘మానసికం’ అన్న మాట వింటేనే ‘మా కోడలికి పిచ్చి అంటున్నావా’ అని అత్తగారు లేస్తుంది. నేను ‘రాత్రి నిద్ర పడుతోందా, అన్నం సయిస్తోందా, దేనికైనా బెంగ పెట్టుకున్నావా’ అని అడుగుతాను. మా ఊళ్లో కువైట్, మస్కట్ వెళ్లిన ఆడవాళ్లు చాలామంది. అక్కడున్న తల్లికి బిడ్డల మీద బెంగ, ఇక్కడున్న పిల్లలకు తల్లి మీద బెంగ. ఆ మాట ఎత్తితే ఎవరూ సిగ్గుపడరు, కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చి చెప్పుకుంటారు. గుండె దడ, తలలో మంట, నరాల బలహీనత అని చెప్పేవాళ్లను కూడా కదిపితే చివరికి ఈ బెంగే బయటికి వస్తుంది.

నేను అడిగేది ఒక్కటే. పోయిన ఏడాది పురుగుమందు తాగబోయిన ఒక అమ్మాయిని ఒప్పించి, రేవు దాటించి, నేనే ఆసుపత్రికి తీసుకెళ్లాను. లోపలికి నన్ను రానివ్వలేదు. ఏం చెప్పారో ఆ పిల్ల నాకు చెప్పలేదు, డాక్టర్లూ చెప్పలేదు. ఇంటికి వెళ్లినప్పుడు ఏం గమనించాలో, ఏ మాట అనకూడదో తెలియకుండానే ఆరు నెలలు వెళ్లాను. రోగులను పట్టుకొచ్చే మనిషిగానే చూస్తే మేము ఏం నేర్చుకుంటాము?

పీజీ విద్యార్థి, కాకినాడ | జూన్ 12

ఆశా అక్కగారి మాట చదివి సిగ్గుపడ్డాను. దీనికి సులువైన దారి వాట్సాప్ గుంపు అనుకుంటున్నాను. రోగి కేసుషీటు ఫొటో, అవసరమైతే నడక, వణుకు కనిపించే చిన్న వీడియో పెడితే మేము రాత్రిపూట అయినా జవాబు ఇవ్వగలము. ఇరవై మంది వైద్యులు ఒకేసారి నేర్చుకుంటారు కూడా.

విశ్రాంత మనోవైద్యుడు, రాజమహేంద్రవరం | జూన్ 13

నాయనా, నీ ఉత్సాహం నాకు నచ్చింది, అయినా ఆ వీడియో దగ్గర ఆగాలి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లోని 23వ సెక్షను తన ఆరోగ్య వివరాలు గోప్యంగా ఉండే హక్కును రోగికి ఇచ్చింది. చికిత్స చేసే మరో వైద్య సిబ్బందికి అవసరమైనంత మేరకు చెప్పడానికి వీలుంది. ఇరవై మంది ఫోన్లలో ఒక మనిషి ముఖం కూర్చోవడం ‘అవసరమైనంత మేరకు’ కిందికి రాదు.

పట్టణాల్లో పేరు తీసేస్తే గోప్యత వచ్చిందనుకుంటారు. మన లంకల్లో అది చాలదు. ‘కాలువ గట్టు మీద మూడో ఇల్లు, మస్కట్ నుంచి వచ్చిన ఆవిడ’ అంటే పేరు చెప్పినట్టే. అందుకని కేసును సమావేశంలో చెప్పేటప్పుడు ఊరు తీసేయండి, వయసును పదుల్లో చెప్పండి, వృత్తిని పాఠానికి అవసరమైతేనే ఉంచండి. మన డాక్టరు గారి కేసులో చెరువు గట్టు అవసరం, ఎందుకంటే ఎండే అక్కడ పాఠం. వయసు ఎంతన్నది అవసరం లేదు, ఆయన కూడా చెప్పలేదు. రోగిని ముందే అడగడం అన్నిటికంటే మేలు. ‘మీలాంటి వాళ్లకు సాయపడటానికి మీ సంగతి నలుగురు డాక్టర్లతో మాట్లాడవచ్చా’ అని అడిగితే కాదన్నవారిని నా నలభై ఏళ్ల వృత్తిలో వేళ్ల మీద లెక్కపెట్టగలను.

ఆశా కార్యకర్తకు ఏం చెప్పాలన్నదీ ఇలాగే తేల్చుకోవాలి. రోగి సమ్మతితో, ఆమె చేయవలసిన పనికి కావలసిన మూడు ముక్కలు చెప్పాలి: మందు ఎప్పటిదాకా, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే తీసుకురావాలి, ఇంట్లో ఏ మాట అనకూడదు. రోగ నిర్ణయం పేరు, కుటుంబ రహస్యాలు ఆమె మోయనవసరం లేదు. అమ్మా, మిమ్మల్ని తలుపు బయట నిలబెట్టడం తప్పు. అది గోప్యత పేరుతో జరిగిన తప్పు కాబట్టి మరింత బాధగా ఉంది.

ఆ అమ్మాయి ఇంటివారు పోలీసు కేసు భయంతో విషయం దాచి ఉంటారు. అదే చట్టంలోని 115వ సెక్షను ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలి, శిక్షించకూడదు, చికిత్స అందించాలి. ఈ మాట ఇళ్లలో చెప్పగలిగేది మీరే.

గ్రామ క్లినిక్ నర్సు | జూన్ 14

ఇక్కడ అందరూ మనసు విప్పి రాస్తున్నారు కాబట్టి నా తప్పు ఒకటి చెబుతాను. ఏళ్ల తరబడి తాగే ఒక మనిషి రెండు రోజులుగా అన్నం తినక నీరసించి వస్తే, నేను ముందు గ్లూకోజు సెలైన్ ఎక్కించాను. థయమిన్ (విటమిన్ బి1) ఇవ్వలేదు. ఎక్కువగా తాగేవారి ఒంట్లో విటమిన్ బి1 అడుగంటి ఉంటుందనీ, ఆ స్థితిలో గ్లూకోజు ఒక్కటే ఎక్కిస్తే మిగిలిన కాస్తా ఖర్చయి మెదడు దెబ్బతినవచ్చుననీ, కాబట్టి థయమిన్ ఇంజక్షను ముందు ఇవ్వాలనీ నాకు ఆ సాయంత్రం ఫోనులో ఒక సీనియర్ నర్సు చెప్పింది. ఆయనకు ఏమీ కాలేదు. కానీ మా చుట్టుపక్కల పల్లెల్లో నీరసమంటే గ్లూకోజు సీసా పెట్టడమే వైద్యం, తాగే మనిషికైనా అంతే.

ఇంకొకటి, పాఠ్యపుస్తకాల్లో ఉండదు, మన దగ్గర ప్రతి ఏడాదీ ఉంటుంది. కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకునేవారు ఆ రోజు నుంచి మద్యం ముట్టరు. అది ఎంత మంచి సంకల్పమో మనకు తెలుసు, దాని బలంతో శాశ్వతంగా మానేసినవారు మా ఊళ్లోనే ఉన్నారు. అయితే రోజూ ఉదయం నుంచే తాగే అలవాటున్న మనిషి ఒక్కసారిగా ఆపితే ఒకటి రెండు రోజుల్లో మూర్ఛ రావచ్చు, రెండు నుంచి నాలుగు రోజుల మధ్య వణుకు, చెమటలు, లేనివి కనిపించడం, మనుషులను గుర్తుపట్టకపోవడం మొదలుకావచ్చు. దాన్ని ‘స్వామి పూనాడు’ అనో ‘దీక్షలో తప్పు జరిగింది’ అనో అనుకుంటారు. నిజానికి అది ప్రాణం మీదికి వచ్చే స్థితి. కాలు విరిగి ఆసుపత్రిలో చేరిన మనిషి మూడో రోజు మంచం మీద నుంచి లేచి పరుగెత్తడం కూడా ఇదే.

రెండేళ్లుగా నేను కార్తీకానికి ముందే మా ఊరి గురుస్వామి గారి దగ్గరికి వెళుతున్నాను. ‘మాల వేసుకోవాలనుకునేవారిలో రోజూ తాగేవారు ఎవరైనా ఉంటే పది రోజుల ముందు మా దగ్గరికి పంపండి, మందుల మీద నెమ్మదిగా మాన్పించి మీకు అప్పగిస్తాము’ అని అడిగాను. ఆయన ఎంతో గౌరవంగా ఒప్పుకున్నారు, పంపుతున్నారు కూడా. వృత్తి సహకారమంటే డాక్టర్ల మధ్యనే అనుకోకూడదని చెప్పడానికి ఇది రాశాను.

ఒక రోగి అన్నయ్య | జూన్ 15

నేను వైద్యరంగంవాడిని కాను. నా తమ్ముడికి పంతొమ్మిదేళ్ల వయసులో స్కిజోఫ్రీనియా వచ్చింది, ఇప్పుడు ముప్పై ఒకటి. మొదటి ఏడాదిన్నర మేము తాయెత్తులు కట్టించాము, ప్రార్థనలకు తీసుకెళ్లాము, ఒక చోట వాడి కాలికి గొలుసు వేస్తే ఊరుకున్నాము. 2001 ఆగస్టులో తమిళనాడు ఏర్వాడిలో గొలుసులతో కట్టివేసిన రోగులు మంటల్లో చిక్కుకుని 28 మంది చనిపోయారని తర్వాత ఎప్పుడో చదివి రెండు రాత్రులు నిద్రపోలేదు. గొలుసు వేయడం 2017 చట్టంలోని 95వ సెక్షను కింద నిషిద్ధమని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాకు చెప్పినవారు లేరు.

మీ చర్చలో నేను చేర్చదలచినది వరద. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మా లంక మునిగింది. మమ్మల్ని పడవల్లో తరలించారు, బియ్యం, పాలు, నీళ్లు అందాయి. తమ్ముడి మాత్రలు నాలుగో రోజుకు అయిపోయాయి. పునరావాస కేంద్రంలో జ్వరానికీ విరేచనాలకూ మందులున్నాయి గానీ వాడు వాడే రిస్పెరిడాన్ లేదు. పదో రోజుకు వాడు మళ్లీ గొంతులు వినడం మొదలుపెట్టాడు. రెండేళ్లు కూడబెట్టిన స్థిమితం పది రోజుల్లో కొట్టుకుపోయింది.

మూడో ప్రమాద హెచ్చరిక వచ్చాక చేయగలిగేది ఏమీ ఉండదు. జూన్ నెలాఖరుకే లంక గ్రామాల్లో ఈ మందులు వాడేవారందరికీ రెండు నెలల మందు చేతికిచ్చి, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి అటక మీద కాదు, పత్రాల సంచిలో పెట్టుకోమని చెప్పాలి. ఎందుకంటే పడవ ఎక్కేటప్పుడు మేము అందరం పట్టుకునేది ఆ సంచినే. ఇది ఏ డాక్టరు గారికీ తట్టకపోవడంలో వారి తప్పు లేదు. మీరు కూర్చునే సమావేశంలో మాకు ఒక కుర్చీ వేయండి.

జిల్లా మనోవైద్యురాలు | జూన్ 15

అన్నయ్య గారూ, కుర్చీ తప్పకుండా ఉంటుంది.

ఇంతవరకు వచ్చిన మాటలు చదివాక ఒకటి తోచింది. మన శిక్షణలను పుస్తకంలోని అధ్యాయాల వరుసలో పెడుతున్నాము: మొదటి రోజు డిప్రెషన్, రెండో రోజు స్కిజోఫ్రీనియా. డెల్టాలో ఏడాది అలా నడవదు. వేసవిలో లిథియం, వరదకు ముందు మందుల నిల్వ, కార్తీకానికి ముందు మద్యం, కౌలు చెల్లింపులు, పంట అప్పులు మీద పడే నెలల్లో పురుగుమందు. పాఠాన్ని కాలానికి ఒక నెల ముందు పెడితే, నేర్చుకున్నది చేతిలో ఉండగానే రోగి ఎదురవుతాడు. నెలకు ఒక సమావేశం, రెండు కేసులు, ఒక గంట. బుధవారం మధ్యాహ్నం పెడదామా?

ఆశా, కాలువగట్టు | జూన్ 15

మేడమ్, బుధవారం, శనివారం మాకు టీకాల రోజులు. ఆ రెండు రోజులూ ఏ ఆశా, ఏ ఏఎన్‌ఎమ్ రాలేరు.

లంకల వైద్యుడు | జూన్ 16

శుక్రవారం మధ్యాహ్నం రెండున్నరకు పెడదాము, ఆ వేళకు మా ఓపీ ఖాళీ అవుతుంది.

ఒక విషయంలో నాకు గట్టి అభ్యంతరం ఉంది కాబట్టి ముందే చెబుతున్నాను. ఆర్‌ఎంపీలను ఈ సమావేశానికి పిలవాలని సోషల్ వర్కర్ గారు నాకు విడిగా రాశారు. నా రోగి ప్రాణం మీదికి తెచ్చింది ఒక ఆర్‌ఎంపీ ఇచ్చిన మందే. వారిని మన పక్కన కూర్చోబెడితే, లేని అర్హతను మనమే ఇచ్చినట్టవుతుంది. రేపు వారే మనోవైద్యం చేస్తామని బోర్డు పెడతారు.

సోషల్ వర్కర్, భీమవరం వైపు | జూన్ 16

మీ బాధ అర్థమైంది, డాక్టరు గారూ. కానీ రాత్రి పదింటికి మోకాలి నొప్పి వస్తే ఆ యువకుడు మళ్లీ అక్కడికే వెళ్తాడు, ఎందుకంటే రేవులో పంటు (ఏరు దాటించే పడవ) సాయంత్రమే ఆగిపోతుంది. ఆ ఆర్‌ఎంపీకి లిథియం గురించి ఒక్క వాక్యం తెలిసి ఉంటే డైక్లోఫెనాక్ ఇచ్చేవాడు కాదు. గుజరాత్‌లో ఉనావా గ్రామంలోని మీరా దాతార్ దర్గా దగ్గర 2008 నుంచి ప్రార్థనా, మందూ రెండూ ఒకే ఆవరణలో అందేలా ఏర్పాటు చేశారు. అక్కడి సేవకులను వైద్యులుగా మార్చలేదు, వైద్యుడి దగ్గరికి దారి చూపేవారిగా చేసుకున్నారు. కేసుల చర్చకు పిలవమని నేను అనడం లేదు. ఏం ఇవ్వకూడదో, ఎప్పుడు వెంటనే పంపాలో చెప్పే ఒక కాగితం వారి చేతిలో పెడదామంటున్నాను.

విశ్రాంత మనోవైద్యుడు, రాజమహేంద్రవరం | జూన్ 17

కాగితం ఇవ్వండి, సమావేశానికి పిలవకండి. చట్టం కూడా ఇక్కడ గీత గీసింది. 94వ సెక్షను ప్రకారం అత్యవసర స్థితిలో 72 గంటల వరకు మానసిక చికిత్స చేయడానికి వీలున్నది రిజిస్టర్డ్ వైద్యుడికి, అంటే మన లంకల వైద్యుడి లాంటివారికి. ఆ అధికారం తమకు ఉందని చాలామంది ప్రాథమిక కేంద్రాల వైద్యులకే తెలియక, రాత్రిపూట భయంతో రోగిని తాకకుండా పంపేస్తున్నారు. మొదటి సమావేశంలో దీనికి పది నిమిషాలు ఇవ్వండి.

లంకల వైద్యుడు | సెప్టెంబరు 20

మూడు నెలల తర్వాత రాస్తున్నాను. మూడు సమావేశాలు జరిగాయి. మొదటిదానికి పదకొండు మంది వచ్చారు, రెండోదాని రోజు ఏటికి నీరు రావడంతో ఆరుగురమే ఫోన్ల మీద కలిశాము, మూడోదానికి పద్నాలుగు మంది.

సమావేశం కంటే ఎక్కువ మార్పు తెచ్చింది చీటీ. పాత రెఫరల్ చీటీకి అడుగున చించుకోగలిగే చిన్న భాగం ఒకటి చేర్చాము. దానిలో నాలుగు గీతలే: మేము ఏమనుకున్నాము, ఏ మందు ఎంత మోతాదులో, మీరు ఏం చూడాలి, మళ్లీ ఎప్పుడు పంపాలి. రోగి సంతకం లేదా వేలిముద్ర ఉంటే ఆశాకు ఒక నకలు. మనోవైద్యురాలు గారి దగ్గర పీజీ విద్యార్థులు దాన్ని ఓపీలోనే నింపి రోగి చేతికిస్తున్నారు. అది రాయడం తనకు పరీక్షలా ఉందనీ, రోగిని పంపినవారికి అర్థమయ్యేలా నాలుగు గీతల్లో రాయాలంటే కేసు తనకు పూర్తిగా అర్థం కావాలనీ కాకినాడ విద్యార్థి అన్నాడు.

అన్నీ కుదరలేదు. జవాబులు ఇప్పటికీ సగమే వస్తున్నాయి. రెండు నెలల మందు ఒకేసారి ఇవ్వడానికి నిల్వ చాలక, లంకల్లోనివారికే ముందు ఇచ్చి ఒడ్డునున్నవారికి నెలకు సరిపడా ఇచ్చాము. ఎవరికి ఎక్కువ రోజుల మందు ఇంట్లో ఉంచడం ప్రమాదమో తేల్చడం ఇంకా కష్టమైంది. ఆత్మహత్య ఆలోచన ఉన్నవారి మాత్రలు ఇంటివారి దగ్గర ఉంచాలని రోగి అన్నయ్య గారు పట్టుబట్టారు, అలాగే చేశాము. ఆర్‌ఎంపీల కాగితం విషయంలో నేను ఓడిపోయాను, అది అచ్చయింది. మా ఊరి ఆయన దాన్ని గోడకు అంటించుకున్నాడు. పోయిన వారం ఒక పేషంటును ఇంజక్షను ఇవ్వకుండా, ‘ఈయన సంచిలో లిథియం అట్ట ఉంది’ అని ఫోను చేసి మరీ పంపాడు.

చెరువు గట్టు యువకుడు మళ్లీ కాపలాకు వెళ్తున్నాడు. లిథియం స్థాయి 0.7.

ఆశా, కాలువగట్టు | సెప్టెంబరు 21

డాక్టరు గారూ, నాకు కూడా చీటీ వచ్చింది. ఆగస్టులో నేను పంపిన బాలింతది. ‘రాత్రి నాలుగు గంటలైనా వరుసగా నిద్రపోవాలి, ఆ వేళ బిడ్డను అత్తగారు చూడాలి, బిడ్డ మీద విసుగు ఎక్కువైతే అదే రోజు తీసుకురండి’ అని ఉంది. దాన్ని ఆ అత్తగారికి చదివి వినిపించాను. పెద్ద డాక్టరమ్మ రాసిందా అని రెండుసార్లు అడిగి, చీటీని దేవుడి పటం వెనక పెట్టుకుంది. రాత్రి బిడ్డను తన దగ్గర పడుకోబెట్టుకుంటోంది.

వచ్చే సమావేశానికి కార్తీకం పాఠం అన్నారు కదా. గురుస్వామి గారు తానూ వస్తానంటున్నారు, రమ్మనమంటారా?